బెడ్ లైటు తగువులో నెగ్గడం ఎలా?

చిన్నపిల్లలు పడుకునే గదిలో రాత్రంతా బెడ్ లైటు ఉంచాలా, ఆర్పేయాలా? సికింద్రాబాద్‌లో అత్తాకోడళ్లు, చిన్నపిల్లలు కలిసి ఉండే ఇళ్లలో ఈ ప్రశ్న రాత్రి తొమ్మిదిన్నరకు తలెత్తుతుంది, పదిన్నర దాకా దించుకోదు. తేల్చుకుందామని కొందరు పిల్లల డాక్టరు దగ్గరికి వెళతారు. అక్కడే పప్పులో కాలేస్తారు. డాక్టరు పిల్లాడి నిద్ర గురించి మాట్లాడతాడు. మీక్కావలసింది తగువులో గెలుపు. ఆ రెండూ వేరు వేరు శాఖలు.

ఈ చిట్కాలు గెలవదలచుకున్నవారి కోసం. లైటు ఉండి తీరాలనేవారికీ, ససేమిరా వద్దనేవారికీ సమానంగా పనికొస్తాయి. రెండు పక్షాలవారూ ఒకే ఇంట్లో ఒకే పత్రిక చదువుతారని నాకు తెలుసు. అందుకే ఎవరికి కావలసిన ముక్క వాళ్లు చింపి దాచుకునేలా విడివిడిగా రాశాను.

1. ముందు పక్షం ఎంచుకోండి

ఇంట్లో మూడు పక్షాలుంటాయి. నానమ్మది దీపం పక్షం. పురిటిగదిలో దీపం కొండెక్కకుండా కాపలా కాసిన తరం ఆవిడది. చంటిబిడ్డ ఉన్నచోట చీకటి ఉండకూడదన్నది ఆవిడ చట్టంలో మొదటి సెక్షను. నాన్నది చీకటి పక్షం. కంట్లో లైటు పడితే ఆయనకు కునుకు రాదు, పొద్దున్నే ఎంఎంటీఎస్ పట్టుకోవాలి. అమ్మది గోడమీది పిల్లి పక్షం. రాత్రి రెండింటికి పాలు పట్టడానికో, తడిసిన పక్క మార్చడానికో లేచేది తనే కనక, బీరువా తలుపుకు నుదురు కొట్టుకోకుండా కాస్త వెలుతురుంటే చాలు.

అయితే ఎవరూ తమ కారణం తాము చెప్పకూడదు. ‘నాకు నిద్ర పట్టదు’ అన్నారంటే ఓడిపోయారన్నమాటే. ‘పిల్లాడికి నిద్ర పట్టదు’ అనాలి. ‘నాకు దారి కనపడదు’ అనకూడదు, ‘పిల్లాడు జడుసుకుంటాడు’ అనాలి. మీ అవసరం పిల్లాడి నోట పలికించడమే ఈ విద్యలో ఓనమాలు.

పిల్లాణ్ని మాత్రం అడక్కండి. చంటిబిడ్డకు చీకటంటే భయమన్నదే తెలియదు. ఆ భయం మామూలుగా రెండు మూడేళ్లకు మొదలవుతుంది. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించుకునే తెలివి వచ్చాకే, ఆ తెలివితోపాటే వస్తుంది. కాబట్టి చంటిబిడ్డ గదిలో లైటు ఎవరి కోసమో వేరే చెప్పక్కర్లేదు. ఇక నాలుగేళ్లవాడంటారా, వాడు నోరు తెరిచి తనకేం కావాలో చెప్పేయగలడు. ఆ ప్రమాదం ముంచుకురాకముందే తీర్పు అయిపోవాలి.

2. గది సంగతి మరిచిపోండి

అపార్ట్‌మెంట్ కాగితాల్లో ‘చిల్డ్రన్స్ బెడ్‌రూమ్’ అని ఒకటి ఉంటుంది. మారేడుపల్లిలోనైనా, అల్వాల్‌లోనైనా ఆ గదిలో ఇస్త్రీకి పోవలసిన బట్టలు, ఊరినుంచి వచ్చిన బియ్యం బస్తా, చక్రం ఊడిన సూట్‌కేసు పడుకుంటాయి. పిల్లలు అమ్మకూ నానమ్మకూ నడుమ పడుకుంటారు. చిలకలగూడ, సీతాఫల్‌మండి రెండు గదుల పోర్షన్లలోనైతే ఇల్లంతా ఒకే పడకగది. టీవీ కూడా అందులోనే ఉంటుంది.

అయినా సరే, బెడ్ లైటు మాత్రం ఆ ‘పిల్లల గది’కే కొనండి. అమెరికాలో పిల్లలు పుట్టిన కొన్నాళ్లకే వేరే గదిలో పడుకుంటారు, వాళ్ల లైట్ల చర్చలన్నీ ఆ గది చుట్టూనే తిరుగుతాయి. ఆ చర్చను మక్కీకి మక్కీగా దించుకుంటే మీ వాదనకు అంతర్జాతీయ స్థాయి వస్తుంది. పక్కన చెయ్యి చాస్తే అమ్మ తగిలే పిల్లాడికి లైటు అవసరం ఎంతన్న మాట ఎవరైనా ఎత్తితే, బియ్యం బస్తా వైపు చూసి నిట్టూర్చండి.

3. 1999 దగ్గర చదువు ఆపేయండి

ఇది చీకటి పక్షానికి బ్రహ్మాస్త్రం. 1999 మే నెలలో ‘నేచర్’ పత్రికలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. 479 మంది పిల్లల అమ్మానాన్నలను, రెండేళ్లు నిండకముందు మీ బిడ్డ ఎలాంటి వెలుతురులో పడుకునేదని అడిగారు. చీకట్లో పడుకున్న పిల్లల్లో 10 శాతానికి, బెడ్ లైటులో పడుకున్నవాళ్లలో 34 శాతానికి, గది లైటే వేసి ఉంచినవాళ్లలో 55 శాతానికి తర్వాత దూరపు చూపు మందగించిందని లెక్క తేలింది. మెట్టు మెట్టుకూ ఎలా ఎక్కిందో చూశారా! ఈ మూడు అంకెలూ ఎర్ర సిరాతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

అక్కడితో ఆగాలి. మరుసటి ఏడాది, 2000లో, అదే పత్రికలో రెండు వేర్వేరు బృందాలు తమ లెక్కలు అచ్చు వేయించాయి. ఒహాయో వాళ్లు వెయ్యి మందికి పైగా పిల్లల్ని చూశారు. బోస్టన్ వాళ్లు విడిగా చూశారు. లైటుకూ సైటుకూ సంబంధం ఇద్దరికీ కనపడలేదు. కనపడిందల్లా ఇది: అమ్మానాన్నలకే సైటున్న ఇళ్లలో పిల్లల గదిలో లైటు ఎక్కువగా వెలుగుతోంది. సైటు వచ్చే వాలు అమ్మానాన్నల నుంచి పిల్లలకు దిగుతుందన్నది ఎటూ తెలిసిన సంగతే. కళ్లజోడు తీశాక దారి కానక లైటు వేసుకునే అమ్మానాన్నలే పిల్లలకు సైటు కూడా ఇస్తుంటే, నింద బల్బు మీద పడింది.

ఈ రెండో పేరా చదివిన వెంటనే చింపేయండి. ముఖ్యంగా, ఫ్రిజ్ మీది అంకెలు చదివి వినిపించే నాన్న ముక్కు మీద మైనస్ నాలుగు కళ్లజోడు ఉంటే మరీ తొందరగా చింపండి.

4. కంటి చూపు కాపాడాలంటే ఎండ తగలనివ్వకండి

రాత్రి లైటు గురించి అంత బెంగపడ్డవారు పగటి వెలుతురు గురించి అడిగితే ఇరుకున పడతారు. చైనాలోని గ్వాంగ్జౌలో 12 బడులు తీసుకుని, సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ ఇంకో 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ కలిపారు. మూడేళ్ల తర్వాత చూస్తే, మామూలు బడుల్లో 39.5 శాతం పిల్లలకు కొత్తగా సైటు వచ్చింది. బయట తిరిగిన బడుల్లో 30.4 శాతానికే వచ్చింది. 2015లో అచ్చయిన లెక్క ఇది. పగలు చెట్టు నీడన ఉండే వెలుతురు కూడా మన ట్యూబ్‌లైటు గది కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

కాబట్టి పిల్లల్ని గడప దాటనివ్వకండి. ఎండకు నల్లబడతారనండి, కుక్కలున్నాయనండి, ట్యూషన్ ఉందనండి. పరేడ్ గ్రౌండ్స్‌కు సంక్రాంతికి పతంగుల పండగ చూపించడానికి తీసుకెళ్లారు కదా, ఏడాదికి ఆ వెలుతురు చాలు. పగలంతా కర్టెన్లు వేసిన గదిలో ట్యాబ్ చూపించి, రాత్రి మాత్రం ‘ఆ బెడ్ లైటు ఆర్పు, కళ్లు పోతాయి’ అనండి. బాధ్యతగల తండ్రి అని పేరొస్తుంది.

5. కరెంటు బిల్లును సాక్షిగా ప్రవేశపెట్టండి

పాతకాలపు జీరో బల్బు తాగేది 15 వాట్ల దాకా ఉంటుంది. రాత్రికి పది గంటల చొప్పున నెలకు నాలుగున్నర యూనిట్లు. ఇప్పుడొచ్చే అర వాటు ఎల్ఈడీ అయితే నెలకు 0.15 యూనిట్. ఏసీ గంటకు యూనిట్ చొప్పున తాగుతుందనుకున్నా, ఆ ఒక్క గంట కరెంటుతో ఈ లైటు ఆరు నెలలకు పైగా వెలుగుతుంది.

ఈ లెక్క చీకటి పక్షానికి ప్రాణాంతకం. కాబట్టి లెక్క చెయ్యకుండా బిల్లు మాత్రమే ఊపండి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా వస్తోంది. మే నెలలో మీటరు 200 దాటిందంటే ముద్దాయి స్థానంలో బెడ్ లైటును నిలబెట్టండి. రాత్రింబవళ్లు తిరిగిన ఏసీ, పొద్దున ఆపడం మరిచిన మోటారు, మూడు జతలకే అరగంట వేడెక్కిన ఇస్త్రీపెట్టె నిర్దోషులుగా బయటపడతాయి.

6. రంగు కోసం రైల్వేను చూడండి

దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న పుట్టింది. దాని ముఖ్య కార్యాలయం మన ఊళ్లోనే. రైల్వే ఉద్యోగిగానీ, కనీసం రైల్వే ఉద్యోగి బావమరిదిగానీ లేని వీధి సికింద్రాబాద్‌లో వెతికినా దొరకదు. స్లీపర్ బోగీలో పెద్ద లైట్లు ఆర్పేశాక నడవలో వెలిగే నీలం బల్బు అందరం చూసిందే. అన్ని లక్షలమందిని దాని కింద పడుకోబెట్టిన రైల్వేకు తెలియదా? ‘నిద్రకు నీలమే శ్రేష్ఠం’ అని బల్లగుద్ది చెప్పండి. ఎవరూ కాదనలేరు. రైల్లో నిద్ర పట్టకపోవడానికి గురక ఉంది, చాయ్ గరం ఉంది, కాజీపేటలో ఎక్కి కాళ్ల దగ్గర మూట పెట్టినవాళ్లున్నారు. నీలం బల్బు మీద ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు రాయలేదు.

తెలివైన మేనకోడలు ఎవరైనా ఉంటే జాగ్రత్త. కంటి లోపలి పొరలో చూపుతో పెద్దగా పని లేకుండా, ఇది పగలా రాత్రా అని మెదడుకు కబురు చెయ్యడమే ఉద్యోగంగా పెట్టుకున్న కణాలున్నాయని 2002లో తేలింది. వాటిని బాగా కదిలించేది 480 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీలం వెలుగు. పగలనే కబురు వెళ్లగానే, ‘పడుకునే వేళైంది’ అని ఒళ్లంతటికీ చాటింపు వేసే మెలటోనిన్ తగ్గిపోతుంది. ఎరుపు, నారింజ రంగుల వైపు పోయేకొద్దీ ఈ బెడద తగ్గుతుంది. కాబట్టి రాత్రంతా వెలగక తప్పని లైటు మసకగా, ఎర్రగా ఉండాలని ఆ అమ్మాయి అంటుంది. ‘ఇది ఇల్లా, ఫొటోలు కడిగే గదా?’ అని నవ్వేయండి. నవ్వు ముందు నానోమీటర్లు నిలవవు.

7. లైటు మొహానికి సూటిగా బిగించండి

చిన్న ఎల్ఈడీని నేలకు జానెడెత్తులో, మంచం కోడు వెనక ఉన్న ప్లగ్గులో పెట్టారనుకోండి. బల్బు పిల్లాడి కంటికి కనపడదు, బాత్రూం దాకా దారి కనపడుతుంది, అమ్మ నుదురు బీరువాకు తగలదు, అటు తిరిగి పడుకున్న నాన్నకు ఏమీ తెలియదు. అంటే తగువే ఉండదు. అందుకని అక్కడ పెట్టొద్దు. ట్యూబ్‌లైటు పక్కన, నడినెత్తిన, పిల్లాడు కళ్లు తెరిస్తే సూటిగా కంట్లో పడేచోట పెట్టండి.

ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే చుక్కల ప్రొజెక్టర్ కొనండి. సీలింగు మీద పాలపుంత తిరుగుతుంది, రంగులు మారతాయి, ఏడుపొచ్చే సంగీతం మోగుతుంది. పడుకోవలసిన పిల్లాడు లేచి కూచుని గ్రహాలు లెక్కపెడతాడు. వాడు పడుకోకపోతే రిమోట్‌తో ఇంకో రంగు పెట్టండి.

ఒక్క విషయం మాత్రం ఏ పక్షానికీ పనికిరాదు కనక నేరుగా చెబుతున్నాను. బొమ్మల ఆకారంలో వచ్చే కొన్ని లైట్లలో రూపాయి బిళ్లంత గుండ్రటి బటన్ బ్యాటరీలుంటాయి. మూత స్క్రూతో బిగించి లేనిది ఇంట్లోకి తేకండి. పిల్లలు మింగితే ఆ బ్యాటరీ అన్నవాహికను రెండు గంటల్లోనే కాల్చేయగలదు. మింగారన్న అనుమానం రాగానే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇందులో గెలుపోటములు లేవు.

8. మిగతా వెలుగుల జోలికి వెళ్లకండి

బెడ్ లైటు ఆర్పించారా? శభాష్. ఇప్పుడు గదిలో మిగిలినవి ఒకసారి చూడండి. దోమల మందు మిషన్ మీద ఎర్ర చుక్క. ఏసీ నుదుట 26 అంకె. సెట్‌టాప్ బాక్సు ఆకుపచ్చ కన్ను. రూటరు మీద ఆగకుండా కొట్టుకునే నాలుగు రెప్పలు. స్విచ్‌బోర్డు మీద నారింజ మిణుగురు. పిల్లాడి తలమీదుగా నాన్న చేతిలో ఫోను, అందులో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు బిర్యానీ వండుతున్న వీడియో. కిటికీలోంచి వీధి లైటు. 2017-18 ప్రాంతంలో జీహెచ్ఎంసీ పసుప్పచ్చ సోడియం దీపాలు పీకేసి తెల్ల ఎల్ఈడీలు పెట్టాక, ఆ వెలుతురులో గోడ మీది క్యాలెండరు తిథి కూడా చదవొచ్చు. ఆషాఢం వస్తే ఉజ్జయిని మహంకాళి బోనాలకు వీధి పొడుగునా సీరియల్ సెట్లు వేరే.

ఇన్నిటి మధ్యన అర వాటు బెడ్ లైటు మీద గంటసేపు వాదించగలగడం సామాన్యం కాదు. కర్టెన్ కాస్త మందంది వేస్తేనో, రూటరు మీద గుడ్డముక్క కప్పితేనో చాలా తేడా వస్తుంది కనక ఆ ఊసెత్తకండి.

పడుకునే ముందు గంట గురించి అసలు మాట్లాడకండి. అమెరికాలోని బోల్డర్‌లో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 36 మందిని నిద్రవేళకు ముందు గంటసేపు రకరకాల వెలుతురులో ఉంచి 2022లో లెక్కలు ప్రకటించారు. మీటరు దూరంలో వెలిగే కొవ్వొత్తి ఇచ్చేది ఒక లక్స్ అనుకుంటే, 5 నుంచి 40 లక్సుల మసక వెలుతురులో కూడా మెలటోనిన్ సగటున 78 శాతం పడిపోయింది. లైటు తీసేసి 50 నిమిషాలైనా చాలామందిలో తిరిగి లేవలేదు. పిల్లల కంటిపాప పెద్దది, లోపలి కటకం తేటది. పెద్దలకు ఆనని వెలుతురు కూడా వాళ్లకు గట్టిగా తగులుతుంది. అంటే అసలు దొంగ తొమ్మిదింటికి హాల్లో వెలిగే ట్యూబ్‌లైటు, మొహానికి జానెడు దూరంలోని ఫోను. అవి ఆర్పమంటే ఇల్లు ఇల్లంతా మీ మీద పడుతుంది. బెడ్ లైటుకైతే తరఫున మాట్లాడే దిక్కు లేదు. దాన్నే పట్టుకోండి.

9. దోమను మధ్యవర్తిగా పిలవండి

‘లైటుంటే దోమలొస్తాయి’ అని చీకటి పక్షం. ‘లైటు లేకపోతే దోమ ఎక్కడుందో ఎలా కనపడుతుంది?’ అని దీపం పక్షం. ఈ వాదన మన ఊరి సొంతం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నది ఇక్కడే, బేగంపేటలో. 1902లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. అంత చరిత్ర ఉన్న ఊళ్లో దోమ పేరెత్తకుండా తగువు పడటం నామోషీ.

మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకాక, తెల్లారేలోపు. అది మనల్ని పసిగట్టేది ముఖ్యంగా ఊపిరినిబట్టి, ఒంటి వాసననిబట్టి, వెచ్చదనాన్నిబట్టి. బల్బు ఉన్నా లేకపోయినా పిల్లాడు ఊపిరి పీలుస్తూనే ఉంటాడు. డెంగీ దోమ పగలే వచ్చి పని చూసుకుంటుంది. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపితే రెండు పక్షాల వాదనా ఒక్క దెబ్బకు చచ్చిపోతుంది. అందుకే దోమతెరను అటక మీదే ఉండనివ్వండి.

10. ముందు బూచాణ్ని తెండి, తర్వాత లైటు వెయ్యండి

పిల్లాడికి చీకటంటే భయం లేదని తేలితే దీపం పక్షం గతేం కాను? దిగులక్కర్లేదు, భయం తయారు చేసుకోవచ్చు. అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తానని ఎనిమిదింటికి చెప్పండి. పడుకోకపోతే కిటికీలోంచి చెయ్యి వస్తుందని తొమ్మిదింటికి చెప్పండి. పదింటికి లైటు ఆర్పి, ‘ఏం లేదురా, ఎందుకా భయం? మగపిల్లాడివి కాదూ!’ అనండి.

వాడు ఇంకా ఏడిస్తే టార్చి తెచ్చి మంచం కింద, బీరువా వెనక, తలుపు సందుల్లో అంతా వెతికి, బూచాడు లేడని రుజువు చెయ్యండి. నాలుగేళ్లవాడికి ఆ వెతుకులాటలో అర్థమయ్యేది ఒక్కటే: నాన్నంతటివాడు టార్చి పట్టుకుని వెతికాడంటే బూచాడు రావడం మామూలేనన్నమాట. రేపట్నుంచి వెతకందే పడుకోడు.

కొందరు ఈ వయసులో మసక లైటు ఒకటి వేసి ఉంచి, వారానికి కాస్త చొప్పున వెలుతురు తగ్గించుకుంటూ పోతారు. పగటిపూట చీకటి గదిలో దాగుడుమూతలు ఆడిస్తారు. భయం పేరేమిటో వాడి నోటితోనే చెప్పించుకుంటారు. అలా చేస్తే కొన్నాళ్లకు భయమూ పోతుంది, లైటూ పోతుంది. మనకిక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

11. అర్ధరాత్రి కేక వేస్తే దర్బారు తెరవండి

పడుకున్న గంటన్నరకు పిల్లాడు కేక పెట్టి లేచి కూచున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మిమ్మల్ని గుర్తుపట్టడం లేదు. ఇది చాలా ఇళ్లలో జరిగేదే. గాఢనిద్రలోంచి, సాధారణంగా రాత్రి మొదటి మూడో వంతులో వచ్చే ఉలికిపాటు ఇది. పక్కన ఉండి మంచం మీంచి పడకుండా చూసుకుంటే కొద్ది నిమిషాల్లో తనే మళ్లీ ఒరిగిపోతాడు. పొద్దున అడిగితే గుర్తుండదు. లైటు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. తెల్లవారుజామున పీడకల వచ్చి నిజంగా మేలుకుని, కల ఏమిటో చెప్పి మరీ ఏడ్చేవాడి సంగతి వేరు. వాడికి ఒడి, రెండు మాటలు, కావాలంటే కాస్త వెలుతురు సాయం చేస్తాయి.

ఈ తేడా పట్టించుకోకండి. ఏ కేక వినపడ్డా అన్ని గదుల్లో ట్యూబ్‌లైట్లు వెయ్యండి. భుజాలు పట్టి కుదపండి, మొహాన నీళ్లు చల్లండి. నానమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీస్తుంది, తాతయ్య ఆంజనేయ దండకం అందుకుంటాడు, పక్క పోర్షన్ ఆంటీ తాయెత్తు ఎవరు కడతారో చెబుతుంది. అందరూ సమావేశమయ్యారు కనక బెడ్ లైటు విషయం అప్పుడే తిరగదోడండి. ‘లైటుంటే ఇలా అయ్యేదా?’ అని ఒకరు, ‘లైటుండబట్టే ఇలా అయింది’ అని ఇంకొకరు. పిల్లాడు ఈపాటికి నిజంగానే మేలుకుని ఉంటాడు. నిద్ర తక్కువైన పిల్లలకు ఈ ఉలికిపాట్లు ఎక్కువ. అంటే రేపు రాత్రికి కూడా సభ ఖాయం.

సందేహాలు, సమాధానాలు

*మా ఇద్దరు పిల్లల్లో పెద్దదానికి చీకటి కావాలి, చిన్నవాడికి వెలుతురు కావాలి. ఏం చెయ్యాలి?*
ఒకరోజు వెయ్యండి, ఒకరోజు ఆర్పండి. పిల్లల నిద్రకు అన్నిటికన్నా కావలసింది రోజూ ఒకేలా జరగడం. అది దెబ్బతింటే ఇద్దరూ సమానంగా నష్టపోతారు, పక్షపాతం చూపించారన్న మాట రాదు. చిన్నవాడి మంచం వైపు కింద చిన్న ఎర్ర లైటు పెట్టి, పెద్దదాన్ని రెండోవైపు తిరిగి పడుకోమనడం మరీ సులువు.

*కరెంటు పోతే?*
అమావాస్య చీకట్లో అందరూ ఒకే చాప మీద చేరి, విసనకర్ర తిప్పుకుంటూ, ఏదో కథ చెప్పుకుంటూ ఉండగానే పిల్లలు నిద్రపోతారు. ఇలాంటివి జరగకుండా ఇన్వర్టర్ పెట్టించుకోండి.

*ఇంతకీ పిల్లలు ఎన్ని గంటలు పడుకోవాలి?*
ఈ ప్రశ్న ఎవరూ అడగరనుకున్నాను. మూడు నుంచి అయిదేళ్ల వాళ్లకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. ఒకటి నుంచి రెండేళ్ల వాళ్లకు 11 నుంచి 14. యూకేజీ వ్యాను తార్నాక మలుపు దగ్గరికి ఏడుంపావుకు వస్తుంది. ఆరున్నరకు లేపాలి. పగలు కునుకు లేని పిల్లాడు ఎనిమిదిన్నరకల్లా పడుకుని ఉండాలి. మన తగువు మొదలయ్యేదే తొమ్మిదిన్నరకు. లైటు వెలుగుతూ ఉంటే పోయే నిద్ర ఎంతోగానీ, లైటు మీద వాదన జరుగుతూ ఉంటే పోయే నిద్ర మాత్రం గడియారం చూసి చెప్పొచ్చు. ఈ లెక్క చీకటి పక్షానికీ పనికిరాదు, దీపం పక్షానికీ పనికిరాదు. రెండు పక్షాలూ కలిసి దీన్ని అణిచిపెట్టాలి.

చివరి హెచ్చరిక

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి పిల్లాడే కల్పించుకుంటాడు. ‘లైటొద్దు, తలుపు ఓరగా వెయ్యి. వంటింట్లో లైటుంచు. నేను పడుకునేదాకా నువ్వు ఇక్కడే కూచో’ అంటాడు. వినడానికి చిన్న కోరికలా ఉంటుంది గానీ ఇది మహా ప్రమాదం. వంటింటి వెలుతురు తలుపు సందులోంచి నేల మీద పడుతుంది, కంట్లో పడదు. నానమ్మకు దీపం ఉన్నట్టే, నాన్నకు చీకటి ఉన్నట్టే. అమ్మకు బీరువా కనపడుతుంది. మీటరు మీద కొత్తగా పడేది దాదాపు ఏమీ ఉండదు. ఎవరూ నెగ్గరు, ఎవరూ ఓడరు.

ఒప్పుకున్నారో, ఎనిమిదిన్నరకే ఇల్లు సద్దుమణిగిపోతుంది. పెద్దవాళ్లు నలుగురూ హాల్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూచోవాలి. అప్పటికీ కంగారుపడకండి. ఏసీ 24లో పెట్టాలా, 26లో పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు. దాని చిట్కాలు వచ్చే సంచికలో.